దక్షిణాది దొరల ఇంటి కాగితాలు చదవడం ఎలా? హామండ్ కుటుంబం ఉదాహరణగా

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో స్థిరపడ్డ మనవాళ్ళు చాలామంది సెలవు రోజుల్లో పాత ప్లాంటేషన్ ఇళ్ళు చూడ్డానికి వెళ్తుంటారు. ఎత్తైన స్తంభాలు, పెద్ద వరండా, గైడ్ చెప్పే అరగంట కథ, నాలుగు ఫోటోలు, అయిపోయింది. ఆ ఇల్లు ఎవరి చాకిరీ మీద లేచిందో, లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలని ఉంటే మాత్రం ఆ కుటుంబం రాసుకున్న కాగితాలు చదవాలి. ఉత్తరాలు, డైరీలు, పద్దు పుస్తకాలు, వీలునామాలు లైబ్రరీల్లో భద్రంగానే ఉన్నాయి. వాటిని చూడ్డానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, గుర్తింపు కార్డు, ఓపిక ఉంటే చాలు.

మొదట్లోనే ఒక మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈ కాగితాలు రాసింది, దాచింది యజమానులు. తమ గురించి, తమ పిల్లల కోసం దాచుకున్నారు. కానీ ఆ ఎస్టేట్ మీద బతికిన మనుషుల్లో ఎక్కువమంది వాళ్ళు కాదు, వాళ్ళు బానిసలుగా ఉంచినవాళ్ళు. ఒక్క ఉత్తరాలే చదివి లేస్తే యజమాని చెప్పిందే మన చెవిలో మిగులుతుంది. ఉత్తరం పక్కన పద్దు పుస్తకం, దాని పక్కన అతను అచ్చు వేయించిన ప్రసంగం పెట్టుకుని చదివితే అప్పుడు మిగతావాళ్ళు కనబడడం మొదలవుతుంది.

ఉదాహరణకి నేను సౌత్ కరోలినా హామండ్ కుటుంబాన్ని తీసుకుంటున్నాను. జేమ్స్ హెన్రీ హామండ్ 1807లో పుట్టాడు, తండ్రి బడిపంతులు, పెద్ద ఆస్తి లేదు. 1831లో కాథరిన్ ఫిట్జ్‌సైమన్స్ అనే పదిహేడేళ్ళ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, ఆ పెళ్ళితో సవానా నది ఒడ్డున సిల్వర్ బ్లఫ్ అనే ఎస్టేటూ, దాంతోపాటు 147 మంది బానిసలూ అతని చేతికొచ్చారు. అక్కణ్ణుంచి రాజకీయాలు. 1835లో కాంగ్రెస్‌కి వెళ్ళి, బానిసత్వం రద్దు చెయ్యమనే అర్జీలు అసలు తీసుకోనే కూడదని పట్టుబట్టాడు. 1842 నుంచి 44 దాకా గవర్నర్, 1857 నుంచి 60 దాకా సెనేటర్. 1858 మార్చి 4న సెనేట్‌లో "పత్తే రాజు" అన్న ప్రసంగం చేసింది ఇతనే. ఏ సమాజానికైనా అడుగున ఉండి మోసే ఒక వర్గం కావాలని, ఇంటి కింద మట్టిలో వేసే దుంగతో పోల్చి చెప్పింది కూడా ఆ ప్రసంగంలోనే. 1864 నవంబరులో, అమెరికా అంతర్యుద్ధం ఇంకా ముగియకముందే, బీచ్ ఐలండ్‌లోని రెడ్‌క్లిఫ్ ఇంట్లో చనిపోయాడు.

ఇంత మాట్లాడిన మనిషి అంతకంత రాశాడు, రాసిందంతా దాచాడు. అందుకే నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ముందు అచ్చులో ఉన్నది చదవండి

నేరుగా లైబ్రరీకి పరిగెత్తొద్దు. పెద్ద రాజకీయ కుటుంబాల కాగితాల్లో కొంత భాగం ఎవరో ఒకరు అచ్చు వేసే ఉంటారు. హామండ్ల కుటుంబ ఉత్తరాల సంకలనం 1981లో, జేమ్స్ హెన్రీ రహస్యంగా రాసుకున్న డైరీలు 1988లో, రెండూ చరిత్రకారిణి కెరల్ బ్లేజర్ సంపాదకత్వంలో వచ్చాయి. ఇవి ముందు చదివితే ఇంట్లో ఎవరు ఎవరో, ముద్దు పేర్లేమిటో, ఏ ఏడు ఏం జరిగిందో తలకెక్కుతుంది. ఈ ఇళ్ళల్లో పేర్ల గందరగోళం మామూలుగా ఉండదు, తాత పేరే మనవడికి, అత్త పేరే కోడలి కూతురికి. ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకుని, పుట్టిన, పోయిన సంవత్సరాలు వేసుకుని ఎప్పుడూ పక్కన పెట్టుకోండి. ఇది చెయ్యకుండా పాత ఉత్తరాలు తెరిస్తే అరగంటలో టెన్షన్ మొదలవుతుంది.

అయితే అచ్చు పుస్తకంతో ఆగిపోవద్దు. సంపాదకులు ఎంత నిజాయితీగా చేసినా ఎంచుకోక తప్పదు, వాళ్ళ ఎంపికలో సాధారణంగా పోయేవి పద్దులు, జాబితాలు, రసీదులు. మనకి కావలసిన మనుషులు ఎక్కువగా ఉండేది సరిగ్గా వాటిలోనే.

కాగితాలు ఎక్కడున్నాయో, అక్కడికెలా చేరాయో చూడండి

ఒక కుటుంబం కాగితాలన్నీ ఒకే చోట ఉంటాయనుకోకండి. హామండ్ కాగితాలు ప్రధానంగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రాతప్రతుల విభాగం, రెండోది కొలంబియాలో యూనివర్సిటీ ఆఫ్ సౌత్ కరోలినాకి చెందిన సౌత్ కరోలినియానా లైబ్రరీ. ఈ రెండో లైబ్రరీ భవనం 1840 నాటిది. హామండ్ 1825లో పట్టా తీసుకున్న కాలేజీయే ఇప్పటి ఆ యూనివర్సిటీ. ఎక్కడ ఏముందో వెతకడానికి ఆర్కైవ్‌గ్రిడ్ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది, కుటుంబం పేరు కొడితే ఏ లైబ్రరీలో ఏ సేకరణ ఉందో చూపిస్తుంది.

ప్రయాణం కుదరనివాళ్ళకి మైక్రోఫిల్మ్ ఉంది, అంటే కాగితాల్ని చిన్న చిన్న ఫోటోలుగా తీసిన ఫిల్మ్ చుట్టలు. చరిత్రకారుడు కెనెత్ స్టాంప్ ప్రధాన సంపాదకుడిగా దక్షిణాది ప్లాంటేషన్ల రికార్డులు ఎన్నో ఎంచి వరుస పెట్టి ఫిల్మ్ చేశారు, అందులో మొట్టమొదటి భాగమే హామండ్ కాగితాలు. పెద్ద యూనివర్సిటీ లైబ్రరీలు చాలావాటిలో ఈ రీళ్ళు ఉంటాయి, మీ ఊరి లైబ్రరీలో అడిగితే ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద తెప్పించే అవకాశం కూడా ఉంటుంది.

హామండ్లే కానక్కర్లేదు, మీకు దగ్గర్లో ఉన్నవాళ్ళతో మొదలుపెట్టండి. నార్త్ కరోలినాలో మనవాళ్ళు బోలెడంతమంది ఉన్న కేరీ, మోరిస్‌విల్ నుంచి చాపెల్ హిల్ ఎంతో దూరం కాదు. అక్కడి యూనివర్సిటీలో 1930లో మొదలైన సదరన్ హిస్టారికల్ కలెక్షన్ ఉంది, అందులో కామెరన్ కుటుంబం కాగితాలు పెద్ద సముద్రం. 1860 నాటికి ఆ కుటుంబం ఆధీనంలో దాదాపు 900 మంది బానిసలు ఉన్నారు. వాళ్ళ స్టాగ్‌విల్ ఎస్టేట్ డర్హమ్‌లో ఇప్పటికీ చూడొచ్చు, బానిసల ఇళ్ళు కూడా నిలిచి ఉన్నాయి. అట్లాంటా వైపు ఉంటే ఏథెన్స్‌లోని యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలో హావెల్ కాబ్ కుటుంబం కాగితాలున్నాయి. ప్రతినిధుల సభ స్పీకరూ, గవర్నరూ, ఆర్థిక మంత్రీ అయినవాడు.

ప్రతి సేకరణకీ లైబ్రరీవాళ్ళు ఒక వివరణ పట్టిక తయారుచేస్తారు, ఫైండింగ్ ఎయిడ్ అంటారు. చాలామంది ఇందులో బాక్స్ నంబర్లు మాత్రం చూసుకుని వదిలేస్తారు. మీరు మాత్రం ముందుమాట కూడా చదవండి, కాగితాలు ఎవరి చేతుల మీదుగా వచ్చాయో అక్కడే ఉంటుంది. హామండ్ల విషయంలో జేమ్స్ హెన్రీ తర్వాత పెద్దకొడుకు హ్యారీ, అతని కూతురు కాథరిన్, ఆమె కొడుకు జాన్ షా బిల్లింగ్స్. ఈ బిల్లింగ్స్ లైఫ్ పత్రిక మొదటి మేనేజింగ్ ఎడిటర్, 1935లో రెడ్‌క్లిఫ్‌ని కొని బాగుచేయించి, 1973లో రాష్ట్రానికి ఇచ్చేశాడు. కాగితం విలువ తెలిసిన ఎడిటర్ ఒకడు వారసుడు కావడం మన అదృష్టం. ఇంకో ఇంట్లో ఆ డైరీలు పొయ్యిలోకి పోయేవి.

పోవడానికి తగినంత కారణం కూడా ఉంది. భార్య అక్క కూతుళ్ళు, అంటే తోడల్లుడు వేడ్ హాంప్టన్ పిల్లలు నలుగురితో తను అసభ్యంగా ప్రవర్తించిన సంగతి హామండ్ ఆ డైరీల్లో స్వయంగా రాసుకున్నాడు. అది 1843లో బయటపడి, పదేళ్ళకి పైగా అతని రాజకీయ జీవితం ఆగిపోయింది. రాసినదాంట్లో పశ్చాత్తాపం కన్నా తనకి అన్యాయం జరిగిందన్న ఏడుపే ఎక్కువ. ఆ ఆడపిల్లల వైపు మాట మాత్రం ఈ డైరీల్లో ఒక్కటీ లేదు. చదివేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

రీడింగ్ రూమ్‌లో

వెళ్ళే ముందు లైబ్రరీకి మెయిల్ రాసి, ఏ బాక్సులు కావాలో చెప్పండి. కొన్ని సేకరణలు వేరే గోదాముల్లో ఉంటాయి, తెప్పించడానికి రోజులు పడుతుంది. బ్యాగులు, కోట్లు, నీళ్ళ సీసాలు బయట లాకర్‌లో పెట్టాలి. పెన్ను నిషేధం, పెన్సిలే. లాప్‌టాప్ తీసుకెళ్ళొచ్చు, ఫోన్‌తో ఫ్లాష్ లేకుండా ఫోటోలు చాలాచోట్ల తీసుకోనిస్తారు, ముందు అడగండి. ఒకసారికి ఒక బాక్స్, బాక్స్‌లోంచి ఒక ఫోల్డర్, లోపలి వరుస చెదరకూడదు.

ఫోటో తీసే ముందు ఫోల్డర్ మీది పేరు, బాక్స్ నంబరు ఒక ఫోటో తీసుకోండి, తర్వాతే ఉత్తరం. ఉత్తరం వెనకవైపు కూడా తప్పనిసరిగా తియ్యండి. అందుకున్నవాళ్ళు మడతపెట్టి వెనకాల ఎవరి దగ్గర్నుంచి, ఏ తేదీ అని చిన్నగా రాసుకునేవాళ్ళు, లోపల తేదీ లేని ఉత్తరానికి చాలాసార్లు అదే ఆధారం. ఇక లైబ్రరీ సిబ్బందితో మాట్లాడండి. ఆ బాక్సులతో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి పట్టికలో లేని సంగతులు ఎన్నో తెలుస్తాయి.

దస్తూరి

మొదటి పూట ఏమీ అర్థం కాదు, ఇది అందరికీ అంతే. ఉపాయం ఏమిటంటే, ఆ మనిషి రాసిన ఉత్తరాల్లో అచ్చులోకి వచ్చినదొకటి తీసుకుని, అసలు ప్రతి పక్కన పెట్టుకుని మాట మాటా పోల్చుకోవడం. రెండు మూడు ఉత్తరాలు ఇలా చేస్తే ఆ చేతిరాత తీరు పట్టుబడుతుంది. వయసు పైబడినవాళ్ళు రాసినవాటిలో రెండు 'ఎస్' అక్షరాలు పక్కపక్కన వస్తే మొదటిది 'ఎఫ్' లాగా పొడుగ్గా ఉంటుంది, కంగారు పడకండి. తేదీల దగ్గర 'ఇన్‌స్టంట్' అని పొట్టిగా రాస్తే ఈ నెల, 'అల్టిమో' అంటే పోయిన నెల. పద్దుల్లో 'డు' అని కనబడితే పైనున్నదే మళ్ళీ అని.

కొన్ని ఉత్తరాల్లో పేజీ నిండా అడ్డంగా రాసి, కాగితాన్ని తిప్పి అదే రాత మీద నిలువుగా మళ్ళీ రాసి ఉంటుంది. చూడగానే వలలాగా అల్లుకుపోయి కనిపిస్తుంది. 1845 దాకా అమెరికాలో తపాలా ఖర్చు ఎన్ని కాగితాలు, ఎంత దూరం అన్న లెక్క మీద ఉండేది, కవరు పెడితే అది కూడా ఒక కాగితం కిందే లెక్క, కాబట్టి ఉన్న కాగితంలోనే ఇరికించేవాళ్ళు. ఆ తర్వాత బరువు లెక్క వచ్చినా అలవాటు పోలేదు. ఇలాంటివి చదవాలంటే ఫోటోని స్క్రీన్ మీద పెద్దది చేసి, ఒక పక్క రాత పూర్తిగా అయ్యాక ఫోటోని తిప్పి రెండో పక్క చదవండి, రెండూ కలిపి చదవబోతే కళ్ళు తిరుగుతాయి.

ఇంకో సంగతి. ఒక మనిషి కాగితాల్లో ఎక్కువగా ఉండేవి అతనికి వచ్చిన ఉత్తరాలు, అతను రాసినవి కాదు. అవి అందుకున్నవాళ్ళ బాక్సుల్లో ఉంటాయి. హామండ్‌కి రచయిత విలియం గిల్మోర్ సిమ్స్‌తో, వ్యవసాయ ప్రయోగాల ఎడ్మండ్ రఫిన్‌తో ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. ఒక పక్కే చదివితే సగం సంభాషణే వింటున్నట్టు, రెండో పక్క ఎక్కడుందో వెతకండి.

పద్దు పుస్తకాల దగ్గర ఆగండి

అందరూ తిప్పేసే పేజీలు ఇవే, ఎక్కువసేపు కూర్చోవలసినవీ ఇవే. సిల్వర్ బ్లఫ్ పుస్తకాల్లో ఎన్ని ఎకరాలు పత్తి, ఎంత మొక్కజొన్న, నది అవతలి షెల్ బ్లఫ్ నుంచి పడవల మీద తెప్పించి పొలాలకి తోలిన సున్నపు మట్టి ఎంత, ఇవన్నీ ఉంటాయి. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఎవరు ఎప్పుడు పోయారు అన్నవి కూడా. పశువుల లెక్క రాసే చేతే మనుషుల లెక్కా రాసింది. అతను వచ్చిన మొదటి పదేళ్ళలో ఆ ఎస్టేట్‌లో పుట్టిన బిడ్డల కన్నా పోయిన మనుషులే ఎక్కువ. ఇది అతని శత్రువులు చెప్పింది కాదు, అతని పుస్తకమే చెబుతోంది.

ఓవర్‌సీర్ల కోసం, అంటే బానిసల చేత పని చేయించే పెత్తనందార్ల కోసం, హామండ్ రాసిన నియమాల పుస్తకం ఒకటుంది. దాంట్లో ఒక భాగం దగ్గరగా చూద్దాం. పనిచేసే మనిషికి వారానికి ఒక పెక్ మొక్కజొన్న పిండి, అంటే సుమారు తొమ్మిది లీటర్ల కొలత, మూడు పౌండ్ల పంది మాంసం. తర్వాత పాలిచ్చే తల్లుల గురించి. వాళ్ళ పని క్వార్టర్స్‌కి, అంటే బానిసల ఇళ్ళకి, అర మైలు దూరం లోపే ఉండాలి. పొద్దున బిడ్డని పిల్లల ఇంట్లో వదిలి పొలానికి వెళ్ళాలి. బిడ్డకి ఎనిమిది నెలలు వచ్చేదాకా రోజుకి మూడుసార్లు వచ్చి పాలివ్వొచ్చు, ఆ తర్వాత మధ్యాహ్నం మానేసి రెండుసార్లు, పన్నెండో నెలలో మధ్యాహ్నం ఒక్కసారే. వచ్చిన ప్రతిసారీ 45 నిమిషాలు. ఎండాకాలంలో పొలం నుంచి వచ్చాక కనీసం పావుగంట ఆగి, ఒళ్ళు చల్లబడ్డాకే పాలివ్వాలి.

పైపైన చదివితే ఎంత శ్రద్ధో అనిపిస్తుంది, ఆ రోజుల్లో అతిథులకి అలాగే చూపించుకునేవాళ్ళు కూడా. ఇప్పుడు ఇదే పేజీని ఆ తల్లి వైపు నుంచి చదవండి. పాలు వస్తున్న మనిషి ఎండలో పత్తి చేలో ఉంది, బిడ్డ అర మైలు అవతల ఎవరి దగ్గరో ఉంది, ఏడ్చినా వినపడదు. వచ్చిన ముప్పావుగంటలో పావుగంట ఒళ్ళు చల్లబడే దాకా ఆగడానికే పోతుందేమోనన్న భయం. బిడ్డకి తొమ్మిదో నెల వచ్చిన రోజు నుంచి మధ్యాహ్నం రావడం బంద్. ఈ నియమాలు ఎందుకు రాశాడు అని అడిగితే జవాబు పక్క పుస్తకంలో, చావుల పట్టికలో ఉంది. పసిపిల్లలు పోతున్నారు, పోతే ఆస్తి పోయినట్టు అతనికి. రెండు పుస్తకాలూ ఒకే బల్ల మీద ఉంటే తప్ప ఈ సంగతి తెలియదు.

పత్తి లెక్కలు కూడా వదలొద్దు. బేళ్ళు ఎన్ని, కమీషన్ ఏజెంటు ఎంత పట్టుకున్నాడు, ఎంత అప్పు ఉంది, ఇవి ప్రసంగాల్లో ఉండవు. పత్తి మీద యుద్ధం చెయ్యడానికి ఎవరూ సాహసించరని హామండ్ అన్న మూడేళ్ళకే యుద్ధం వచ్చింది, దక్షిణాది రేవులు మూతపడ్డాయి, ఇంగ్లండ్ మిల్లులు ఈజిప్టు వైపు, మన దేశం వైపు తిరిగాయి. కృష్ణా, గుంటూరు ప్రాంతాల పత్తి కాకినాడ రేవు పేరు మీదే లండన్ బజారులో చలామణీ అయింది. ఆ రెండు ప్రపంచాల పద్దుల్ని కలిపి చదివే తెలుగువాళ్ళు రావాలని నా కోరిక.

ఒక ఉత్తరం, ఒక అచ్చు ప్రతి

1845లో హామండ్ ఇంగ్లండ్‌లోని బానిసత్వ వ్యతిరేకి థామస్ క్లార్క్‌సన్‌కి బహిరంగ లేఖలు రాసి అచ్చు వేయించాడు. బానిసత్వం దేవుడు ఒప్పుకున్నదేనని, యజమానులు బానిస స్త్రీలని చెరుస్తున్నారన్న ఆరోపణ చాలావరకు పెంచి చెప్పిందని వాదించాడు. ఇది మొదట చదవండి.

తర్వాత 1856 ఫిబ్రవరి 19న కొడుకు హ్యారీకి రాసిన ఉత్తరం తీయండి. అంతకు పదిహేడేళ్ళ ముందు, 1839లో, హామండ్ శాలీ జాన్సన్ అనే పద్దెనిమిదేళ్ళ కుట్టుపని మనిషిని, ఏడాది వయసున్న ఆమె కూతురు లూయిసాతో సహా 900 డాలర్లకి కొన్నాడు. శాలీని చెరిచాడు. లూయిసాకి పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లనీ. 1850లో భార్య కాథరిన్ ఇల్లు వదిలి వెళ్ళిపోవడానికి కారణం లూయిసాని వదలనని అతను మొండికెయ్యడమే. ఇప్పుడు ఉత్తరంలో కొడుక్కి చెబుతున్నాడు. వీలునామాలో శాలీనీ, లూయిసానీ, ఇద్దరి పిల్లల్నీ నీకు రాశాను. హెండర్సన్ తండ్రిని నేనేనని శాలీ అంటోంది, నేను నమ్మను, కానీ ఆమె మాట ప్రకారమే నడుచుకో. లూయిసా మొదటి బిడ్డ నా బిడ్డ కావచ్చు, కాదనుకుంటాను, రెండో బిడ్డ మాత్రం నాదే అనుకుంటున్నాను. వీళ్ళని విడుదల చేసి ఉత్తరాదికి పంపలేను, అది క్రూరత్వం అవుతుంది. నా పిల్లలు గానీ, నా పిల్లలు కావచ్చు అనుకునేవాళ్ళు గానీ పరాయివాళ్ళకి బానిసలు కాకుండా చూడు. కుటుంబంలోనే బానిసలుగా ఉండడం వాళ్ళకి ఈ భూమ్మీద దొరికే అన్నిటికన్నా మంచి స్థితి.

చదివి కోపంతో మూసెయ్యకుండా, ఇక్కడ చెయ్యాల్సిన పని చెబుతాను. ఆ ఉత్తరంలో రాసినవాడి మాటల మధ్య ఇంకొకరి మాట ఒకటి చిక్కుకుని ఉంది. హెండర్సన్ అతని బిడ్డే అని శాలీ చెప్పింది. అతను కాదనుకున్నా దాన్ని పక్కన పెట్టెయ్యలేకపోయాడు, కొడుకుని ఆమె మాట మీదే నడుచుకోమన్నాడు. శాలీ తన చేత్తో రాసింది ఏదీ ఈ బాక్సుల్లో మనకి దొరకదు, దొరికేవి యజమాని రాతలో ఇలా చిక్కుకున్న మాటలే. వాటికోసం ప్రత్యేకంగా వెతకండి. 'చెప్పింది', 'అంటోంది', 'అడిగింది', 'ఒప్పుకోలేదు', 'పారిపోయాడు', 'జబ్బని పడుకుంది' అన్న చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, మీ నోట్‌బుక్‌లోనే, కాగితం మీద కాదు.

ఆడవాళ్ళ ఉత్తరాలు కూడా ఇలాగే చదవాలి. ఇంట్లో పనిచేసేవాళ్ళ పేర్లు మగవాళ్ళ ఉత్తరాల్లో కన్నా వీటిలోనే ఎక్కువ కనబడతాయి, ఎవరికి జ్వరం, ఎవరు పురుడు పోసుకున్నారు, ఎవరిని ఎవరి దగ్గరికి పంపారు అని. 'సర్వెంట్', 'మా వాళ్ళు' అని మర్యాదగా రాస్తే జీతానికి పనిచేసేవాళ్ళేమో అనుకోకండి, బానిసత్వం రద్దైన 1865కి ముందు ఆ ఇళ్ళల్లో అంటే దాదాపు ఎప్పుడూ బానిసలే.

పేర్లని 1865 దాటించడం

జాబితాల్లో పేర్లు దొరికాక వాటిని ముందుకి తీసుకెళ్ళాలి, అక్కడే అసలు కష్టం. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పట్టీల్లో పేర్లే లేవు, యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, రంగు, అంతే. ఇంటిపేర్లతో సహా అందరూ కనబడేది 1870 లెక్కల్లోనే మొదలు. కాబట్టి ఎస్టేట్ జాబితాలో ఉన్న పేర్లని, వయసుల్ని 1870 పేజీల్లో ఇరుగు పొరుగు కుటుంబాలతో పోల్చుకోవాలి. ఒక్కో పేరు విడిగా వెతికితే దొరకదు, తల్లి, ఇద్దరు పిల్లలు, పక్కింటి ముసలాయన అని గుంపుగా సరిపోతే నమ్మొచ్చు. ఇవన్నీ ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. విడుదలైనవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టి, 1865 నుంచి 1872 దాకా నడిపిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాల్లో కూలి ఒప్పందాలు ఉంటాయి, పాత యజమాని, కొత్తగా విడుదలైనవాళ్ళు ఒకే కాగితం మీద కనబడేది వీటిలోనే. విడుదలైనవాళ్ళు డబ్బు దాచుకున్న ఫ్రీడ్‌మాన్స్ బ్యాంకు రిజిస్టర్లు కూడా చూడండి, ఖాతా తెరిచేటప్పుడు తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు చెప్పించి రాసుకునేవాళ్ళు. బీచ్ ఐలండ్‌కి నది అవతలే ఉన్న ఆగస్టాలో దాని శాఖ ఉండేది.

ఒక్క చోట జాగ్రత్త. రెడ్‌క్లిఫ్ ఇప్పుడు ఐకెన్ కౌంటీలో ఉంది, కానీ ఆ కౌంటీ పుట్టిందే 1871లో. 1870 లెక్కల్లో ఐకెన్ అని వెతికితే ఒక్కరూ దొరకరు. రెడ్‌క్లిఫ్ వైపు వాళ్ళ కోసం ఎడ్జ్‌ఫీల్డ్, సిల్వర్ బ్లఫ్ వైపు వాళ్ళ కోసం బార్న్‌వెల్ చూడాలి. ఏ ఊరితో పనిచేసినా ముందు ఆ సంవత్సరపు మ్యాప్ దగ్గర పెట్టుకోండి.

మీరు ఎత్తిరాసుకున్న పేర్ల పట్టికలో స్పెల్లింగులు దిద్దకండి, కాగితం మీద ఎలా ఉంటే అలాగే రాసి, మీ ఊహ పక్క గడిలో రాయండి. ప్రతి పేరుకీ లైబ్రరీ, సేకరణ, బాక్స్, ఫోల్డర్, తేదీ అన్నీ ఉండాలి, లేకపోతే ఆరు నెలల తర్వాత మీకే పనికిరాదు. ఫోటోలు ఎక్కడైనా ప్రచురించాలంటే లైబ్రరీ నియమాలు అడిగి, వాళ్ళ పేరు వేయండి. పట్టిక పూర్తయ్యాక ఒక ప్రతి ఆ లైబ్రరీకి, ఇంకో ప్రతి ఆ ఎస్టేట్‌ని ఇప్పుడు నడుపుతున్నవాళ్ళకి పంపండి. పూర్వీకుల పేర్లు వెతుక్కుంటూ అక్కడికి వచ్చే నల్లజాతి కుటుంబాలు ఉంటాయి, మైక్రోఫిల్మ్ ముందు కూర్చునే తీరిక వాళ్ళందరికీ ఉండదు, మీరు ఎత్తిరాసిన ఒక్క పేజీ చాలు వాళ్ళు మొదలుపెట్టడానికి.